తప్పు మన వేలిది కాదు

ఈ నెల గోడపత్రికలో నేను మౌస్ గురించి రాస్తున్నాను. మన స్టోర్ రూములో బియ్యం బస్తాలు కొరికే ఎలుక గురించి కాదు, కంప్యూటర్ ల్యాబులో ఉండే మౌస్ గురించి.

డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన ఆలోచన ప్రకారం బిల్ ఇంగ్లిష్ అనే ఇంజనీరు 1964లో అమెరికాలో మొదటి మౌస్ తయారుచేశాడు. అది చెక్కతో చేసింది. దానికి ఒక్కటే బటన్. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌస్‌ని అందరి ముందు చూపించారు.

ఇక మన సంగతి. ఇప్పపూల ఆట మీ అందరికీ తెలుసు. నిరుడు పదో తరగతి అక్కలు స్క్రాచ్‌లో తయారుచేసి మనకు ఇచ్చి పోయారు. స్క్రాచ్ అంటే రంగురంగుల బ్లాకులు ఒకదాని కింద ఒకటి పెట్టి బొమ్మలు ఆడించే ప్రోగ్రాం. అమెరికాలోని ఎంఐటీ వాళ్లు 2007లో పిల్లల కోసం విడుదల చేశారు. మన ఆటలో చెట్టు మీద నుంచి పువ్వు మెల్లగా రాలుతుంది. దాని మీద క్లిక్ చేస్తే గంపలో లెక్క ఒకటి పెరగాలి. కానీ సగం క్లిక్కులు లెక్కకు రావు.

ఆరో తరగతి చెల్లె ఒకామె నాలుగు రోజులు ఆడి, "అక్కా, నా చెయ్యి దీనికి పనికిరాదే" అని ల్యాబుకు రావడమే మానేసింది. నాకు చాలా బాధయింది. పొద్దు పొడవక ముందే అడవిలో గంపెడు ఇప్పపూలు ఏరే చెయ్యి అది! మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. మనలాంటి వాళ్లం ఏది పనిచేయకపోయినా ముందు మనల్నే తప్పు పట్టుకుంటాం. అందుకే తప్పు ఎక్కడుందో వరసగా చూడాలని నేను, నా బెంచీ దోస్తు కూర్చున్నాం.

మొదట మౌస్ అడుగు తుడిచాం. ఏం మారలేదు. అడుగున ఎర్రలైటు బాణం గుర్తు కదలడానికే గాని క్లిక్కుకు కాదట. క్లిక్కుకు బటన్ కింద చిన్న స్విచ్ ఉంటది. తర్వాత పెయింట్ తెరిచి పెన్సిలుతో 20 సార్లు క్లిక్ చేశాం. 20 చుక్కలు పడ్డాయి. అంటే మౌస్ మంచిదే, మన వేలూ మంచిదే. పక్క కంప్యూటర్లో అదే ఆట ఆడితే అక్కడ కూడా క్లిక్కులు పోయాయి. అంటే తప్పు ఆటలోనే ఉంది.

ఇంకొకటి కనిపెట్టాం. టక్కున క్లిక్ చేస్తే లెక్క రావట్లేదు, బటన్ నొక్కిపట్టి ఉంచితే ఒక్క పువ్వుకే రెండు మూడు లెక్కలు పడుతున్నాయి!

అప్పుడు బ్లాకులు తెరిచి చూశాం. "ఎప్పటికీ" అనే బ్లాకు లోపల "మౌస్ నొక్కి ఉందా, పువ్వును తాకుతోందా" అని చూసి లెక్క పెంచుతోంది. దాని కింద "ఒక సెకను ఆగు" అని ఉంది. ఒకే క్లిక్కు పదిసార్లు లెక్కకు రాకూడదని అక్కలు ఆలోచించే పెట్టి ఉంటారు. కానీ ఆ సెకను సేపు ప్రోగ్రాం మన వైపు చూడనే చూడదు. మన క్లిక్కు రెప్పపాటులో అయిపోతుంది. అది చూసేసరికి మన వేలు పైకి లేచిపోయి ఉంటుంది.

ఇది నాకు తునికాకు కల్లం వల్ల అర్థమయింది. కల్లేదారు తల వంచుకొని రాసుకునేటప్పుడు పెట్టిన కట్ట ఆయన కంట పడదు. మా అమ్మ చదువుకోలేదు గాని లెక్క తప్పదు. కట్ట పెట్టినప్పుడల్లా "ఇగో, ఇంకోటి" అని గట్టిగా పిలుస్తది. ఆయన చూసేదాకా కాచుకోదు.

స్క్రాచ్‌లో కూడా అలా పిలిచే బ్లాకు ఉంది. పసుపు రంగుది. "ఈ బొమ్మను క్లిక్ చేసినప్పుడు" అని దాని అర్థం. పాత బ్లాకులు తీసి, దాని కింద "లెక్క ఒకటి పెంచు" అని పెట్టాం. 20 క్లిక్కులకు 20 లెక్కలు వచ్చాయి. టక్కున చేసినా వచ్చాయి, నొక్కిపట్టినా పువ్వుకు ఒక్కటే వచ్చింది. ఆ చెల్లెను పిలిచి ఆడించాం. గంపలో 34 పూలు ఏరింది!

ఇది ఉత్త ఆట అనుకోకండి. 2018 నుంచి మన తెలంగాణలో ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష కంప్యూటర్ మీదే రాస్తున్నారు. మనమూ రేపు రాయాలి. అక్కడ జవాబు మీద క్లిక్ చేశాక గుర్తు పడిందో లేదో చూసుకొని ముందుకు పోవాలి. పడకపోతే భయపడొద్దు, మళ్లీ క్లిక్ చేయాలి.

ఆదివారం సాయంత్రం 4 గంటలకు మేడమ్ గారు ల్యాబు తాళం ఇస్తామన్నారు. పసుపు బ్లాకు ఎలా పెట్టాలో చూపిస్తాం. ఆరో తరగతి వాళ్లు ముందు వరసలో కూర్చోవాలి.

ఇట్లు
మీ సోదరి,
9వ తరగతి, జూలూరుపాడు