రేవు నుంచి రేవుకి

పడవ ఎక్కమని మా అన్నయ్య కొడుకు నాలుగేళ్ళుగా పిలుస్తున్నాడు. సెలవు లేదనీ, మోకాళ్ళ నొప్పులనీ, వీసా రాదేమోననీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. 2023 ఏప్రిల్లో టిక్కెట్టు కూడా వాడే పంపించేసరికి ఇక చెప్పడానికేమీ మిగల్లేదు. యానాంలో పుట్టి, గౌతమి గట్టున పెరిగి, పడవ కూటితో చదువుకున్నవాణ్ణి. అయినా 1996 తరవాత పడవలో కాలు పెట్టలేదు. ఎదుర్లంక వంతెన కట్టేదాకా అమలాపురంలో ఎంత అవసరమైన పని పడ్డా, పది నిమిషాల్లో దాటించే పంటు ఎక్కకుండా రావులపాలెం మీదుగా బస్సులో చుట్టు తిరిగి వెళ్ళేవాణ్ణి. బస్సు ప్రయాణమంటే నాకు ఇష్టమని ఊళ్ళో అనుకునేవారు.

వాడు ఫ్రాన్సులో పెరిగాడు. యానాం వాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు గాని, ఇతర చోట్ల ఉన్న పాఠకుల కోసం ఒక మాట. 1962 ఆగస్టులో ఫ్రెంచి పాలన చట్టప్రకారం ముగిసినప్పుడు, కావాలనుకున్నవాళ్ళు ఆరు నెలల్లోగా ఫ్రెంచి పౌరసత్వాన్నే ఉంచుకోవచ్చన్నారు. మా వదిన పుట్టింటివారు అలా ఉంచుకున్నవాళ్ళు. అన్నయ్య పోయాక రెండేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని ఆవిడ మార్సేల్లో ఉన్న అన్నగారి దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ వీడు బడికన్నా ముందు రేవుకి అలవాటుపడ్డాడు. తెరచాప పడవలు నడపడం నేర్చుకున్నాడు. తండ్రి పని, తండ్రి నేర్పకుండానే వాడి చేతికి వచ్చింది.

ఏథెన్సు శివార్లలో అలిమోస్ అని పెద్ద పడవల రేవుంది. మేము వెళ్ళేటప్పటికి అక్కడి వాళ్ళ ఈస్టరు దాటి పది రోజులైంది. సీజను అప్పుడే కళ్ళు తెరుస్తోంది. సగం పడవలు ఇంకా ఒడ్డునే పోట్ల మీద నిలబడి అడుగున రంగు వేయించుకుంటున్నాయి. రంగు వాసన తగిలేసరికి, మా పడవ బోర్లించి నాన్న తారు పూసే రోజులు గుర్తొచ్చి ఒక్క క్షణం అక్కడే నిలబడిపోయాను. మాది అద్దె పడవ, ముప్పయ్యారు అడుగులుంటుంది. వాడు, ఫ్రెంచి పిల్ల అయిన మా కోడలు, నేను. నాకు అప్పజెప్పిన పని ఒక్కటే, అడ్డం రాకుండా కూర్చోవడం.

మొదటి మజిలీ ఎగీనా. పదహారు, పదిహేడు సముద్రపు మైళ్ళు. సముద్రపు మైలంటే 1852 మీటర్లు. గంటకి ఐదు మైళ్ళ చొప్పున వెళ్ళాం. ఎడ్లబండి కన్నా నయం, సైకిలు కన్నా నెమ్మది. ఆ సముద్రంలో జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి రోజుల తరబడి విసురుతుందట. ఏప్రిల్లో దాని జాడ లేదు. నీళ్ళు మాత్రం చెయ్యి ముంచితే జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. నేను మొదటి గంటసేపు రెండు చేతులతో కమ్మీ పట్టుకునే ఉన్నాను. వాడు చూశాడు గాని ఏమీ అనలేదు.

నా ధ్యాస మళ్ళించడానికి కాబోలు, పడవలో ఒక్కొక్క వస్తువూ చూపించి, "దీన్ని మనవాళ్ళేమంటారు బాబాయ్?" అని అడగడం మొదలుపెట్టాడు. తెరచాప, చుక్కాని, లంగరు. వాడికి అన్నీ ఫ్రెంచిలోనే తెలుసు. లంగరు పారసీ మాటనీ, చుక్కాని అరబ్బీ వాళ్ళ 'సుక్కాన్'కి చుట్టమనీ చెప్పాను. "అయితే మన మాటలేవి?" అన్నాడు. తెరచాప మనదే, తెరా మనదే, చాపా మనదే. రేవు మనది. పోటూ పాటూ మనవి. "చాలు, పడవ నడుస్తుంది" అన్నాడు వాడు. వాళ్ళమ్మ దగ్గర నేర్చిన వంటింటి తెలుగు వాడిది. అన్నం పెట్టమనడానికి, అలగడానికి, ఏడవడానికి అందులో మాటలున్నాయి. తుపాను గురించి చెప్పడానికి లేవు.

ఎగీనాలో పడవ కట్టే తీరు చూడాలి. మనలాగా పక్కవాటుగా ఆనించరు. కొంత దూరంలోనే ముందువైపు నుంచి లంగరు దింపి, గొలుసు వదులుతూ వెనక్కి వెనక్కి వచ్చి, వెనుక భాగాన్ని గట్టుకి చేర్చి రెండు తాళ్ళతో కట్టేస్తారు. రేవు మొగన నికోలస్ పునీతుడి పేర చిన్న తెల్లటి గుడి. ఆయన నావికుల రక్షకుడు. గట్టునే ఒక పడవలో కూరగాయలు పోసి అమ్ముతున్నారు. 1828లో కొత్త గ్రీసు దేశానికి మొదటి రాజధాని ఈ ఊరే. ఇప్పుడు పిస్తా తోటలకి ప్రసిద్ధి. బస్సెక్కి కొండ మీది అఫాయియా గుడి చూసి వచ్చాం, రెండు వేల అయిదు వందల ఏళ్ళ నాటిది. దిగువన హోటళ్ళ ముందు కుర్చీలకి రంగులు వేస్తున్నారు, గోడలకి సున్నం కొడుతున్నారు. పెళ్ళివారింకా దిగని విడిదిల్లులా ఉంది ఊరంతా.

పడవలో రేడియో ఒకటుంది. గ్రీకులోనూ ఇంగ్లీషులోనూ రోజుకి నాలుగుసార్లు దాంట్లో వాతావరణం చెబుతారు. ఏ మూల ఏ గాలి, బోఫోర్టు కొలతలో ఎంత బలం, ఎక్కడైనా గాలివాన హెచ్చరిక ఉందా అని. ఆ వేళకి వాడు పెన్ను పట్టుకుని పుస్తకంలో రాసుకుంటాడు. నేను ఆ వేళకి ఏదో పనున్నట్టు పైకి వెళ్ళిపోయేవాణ్ణి. మూడు రోజులు అలాగే జరిగింది.

పోరోస్ ద్వీపానికీ ఎదుటి గట్టున ఉన్న గలతాస్ ఊరికీ మధ్య ఉన్నది సముద్రమని చెబితే గాని తెలియదు, పంట కాలవకి పెద్దన్నలా ఉంటుంది. చిన్న పడవలు జనాన్ని ఇటూ అటూ దాటిస్తుంటాయి. సంచులతో ఆడవాళ్ళు, బడి పిల్లలు, సైకిలు పట్టుకున్న ముసలాయన. మా పంటు రేవే. మాసిడోనియా వాళ్ళకి చిక్కడం ఇష్టం లేక క్రీస్తుకి పూర్వం 322లో డెమోస్తనీసు విషం తాగింది ఈ దీవి మీది పొసైడన్ గుడిలోనే. వాక్చాతుర్యానికి పేరు మోసినవాడు చివరికి నోరు మూసుకోవడానికి ఎంచుకున్న చోటు. అక్కడ ఇప్పుడు కొన్ని రాళ్ళూ, చుట్టూ పైన్ చెట్లూ ఉన్నాయి.

మర్నాడు దక్షిణపు గాలి ముదిరింది. మేము కదల్లేదు. కాఫీ దుకాణం ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో ఒక మాట నేర్పాడు. అపగోరెఫ్తికో. గాలి ఒక హద్దు దాటిందంటే రేవు అధికారులు ఓడల్ని కట్టు విప్పనివ్వరట. ఆ ఉత్తర్వుకి ఆ పేరు. ఎంతటి పనున్నా, ఎంతటివాడైనా ఆగాల్సిందే. "ఎవరికీ విడిగా వెళ్ళి చెప్పనక్కర్లేదు, అందరికీ ఒకేసారి తెలిసిపోతుంది" అన్నాడాయన. నా చేతిలో కప్పు వణికింది. చల్లగా ఉందన్నాను.

30వ తేదీ మధ్యాహ్నానికి హైడ్రా చేరాం. ఆ దీవిలో కార్లూ మోటారు సైకిళ్ళూ తిరగవు. సామాన్లన్నీ గాడిదల మీదా కంచర గాడిదల మీదా మోస్తారు. రేవు చుట్టూ ఓడల యజమానులు కట్టుకున్న రాతి మేడలు. 1821లో టర్కీ మీద గ్రీకులు తిరగబడ్డప్పుడు సముద్రం మీద పోరాడిన ఓడల్లో ఈ చిన్న దీవివి చాలా ఉన్నాయి. నౌకాదళాన్ని నడిపిన మియావులిస్ ఇక్కడివాడే. మన పాఠకులకి పట్టే సంగతి ఇంకొకటుంది. గ్రీసు కోసం ప్రాణాలిచ్చిన ఆ నావికుల ఇంటిభాష గ్రీకు కాదు. ఆల్బేనియా వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డవాళ్ళ అర్వానీతిక. దేశం వచ్చింది, బళ్ళు వచ్చాయి, తరాలు మారాయి. అర్వానీతిక ఇప్పుడు యునెస్కో వారి తీవ్ర ప్రమాదంలో ఉన్న భాషల పట్టికలో ఉంది. దాన్ని ఎవరూ చంపలేదు. తాతలు మనవలతో మాట్లాడటం మానేశారు, అంతే. చెప్పాల్సినవాడు చెప్పకపోతే భాషయినా పోతుంది, మనిషయినా పోతాడు.

ఆ రాత్రి కోడలు పడుకున్నాక మేమిద్దరం గట్టు మీద కూర్చున్నాం. వాడికి చెప్పాను.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మా దగ్గర తీరం దాటింది. ముందురోజు సాయంత్రం రేడియోలో వేటకి పోవద్దని చెప్పారు. అన్నయ్య అప్పటికే రేవులో ఉన్నాడు. నిన్ను ఎత్తుకుని మీ అమ్మ నాతో, "పరుగున వెళ్ళి మీ అన్నయ్యకి చెప్పు" అంది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. దారిలో స్నేహితుడి అరుగు మీద క్యారమ్సు ఆడుతున్నారు. ఒక్క ఆట అన్నారు. ఒక్క ఆటే ఆడాను. నేను వెళ్ళేసరికి పడవ మలుపు తిరిగిపోతోంది, చాప కొస మాత్రం కనబడింది. కేక వేశాను, వినబడలేదు. తిరిగొచ్చి మీ అమ్మతో, "నేను వెళ్ళేసరికే వెళ్ళిపోయాడు వదినా" అన్నాను. ఇరవై ఏడేళ్ళుగా అందరికీ ఆ వాక్యమే చెబుతున్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

కొన్ని మాటలు వాడికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకున్నాడు. తప్పించుకోవడానికి వీలున్న చోటల్లా వాడు ఆపి, ఇంకో మాట పెట్టి చెప్పమన్నాడు. అరుగంటే ఏమిటని అడిగాడు. చెప్పాను. చాలాసేపు నీళ్ళకేసి చూస్తూ ఉండి, "అప్పుడు పోటా, పాటా?" అన్నాడు.

"పాటు. నీళ్ళు తీస్తున్నాయి."

"అయితే నాన్న ఆగేవాడు కాదు, పాటు పోతుందని తొందరపడేవాడు" అన్నాడు. కాసేపాగి, "నువ్వు చెబితే ఆగేవాడేమో. తెలీదు" అన్నాడు. ఓదార్పు మాటని వాడే చెప్పి, వాడే వెనక్కి తీసుకున్నాడు. ఎందుకోగాని ఆ రెండో మాటకే నాకు ఊపిరాడింది. క్షమించానని వాడు అనలేదు. నేనూ అడగలేదు. "అమ్మకి నువ్వే చెప్పాలి బాబాయ్, నేను చెప్పను" అని లేచి వెళ్ళి పడుకున్నాడు. తిరుగు ప్రయాణంలో మార్సేల్లో దిగి చెప్పాను. వదిన ఏమన్నదీ ఇక్కడ రాయను, అది ఆవిడ సొత్తు.

తెల్లారితే మే ఒకటి. గ్రీసులో ఆ రోజున అడవిపూలతో దండలు కట్టి గుమ్మాలకి తగిలిస్తారు. మా పక్కన ఉన్న చేపల పడవ ముక్కుకి కూడా ఒకటి వేలాడుతోంది, ఉగాది తోరణంలా. నేను కాఫీ తాగుతుంటే వాడు వచ్చి పుస్తకమూ పెన్నూ నా ముందు పెట్టాడు.

"ఇవాళ్టి నుంచి రేడియో వినే పని నీది."

"నాకు వాళ్ళ ఇంగ్లీషు అర్థం కాదురా."

"రెండుసార్లు చదువుతారు."

కిందికి దిగి రేడియో పక్కన కూర్చున్నాను. గరగరమంటూ గొంతు మొదలైంది. సరోనిక్ అన్న పేరు కోసం చెవులు రిక్కించి విన్నాను. దక్షిణపు గాలి, మూడు, సాయంత్రానికి నాలుగు. హెచ్చరికలేమీ లేవు. తెలుగులో రాసుకున్నాను. వాడికి చదవడం రాదు కాబట్టి నేనే వెళ్ళి చెప్పాలి.

ఆ గదిలోంచి పైకి నాలుగు మెట్లు. మధ్యలో ఎక్కడా ఆగకుండా ఎక్కి, చెప్పాను.