కార్వేటినగరపు కోనేటి గట్టున

మొన్నటి వేసవిలో మావారికి కార్వేటినగరమునందలి జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో కొన్ని దినములు తరగతులు పడినవి. సెలవులలో నున్న పిల్లలను మా అత్తగారికిని, వదినగారికిని ఒప్పగించి మేమును వెంట బయలుదేరితిమి. ఆ ఊరు చూడవలెనను కోరిక మాకు చిరకాలమునుండి కలదు. సారంగపాణి పదములు విన్న సోదరీమణులకు ఆ పదములలోని వేణుగోపాలుడు ఈ ఊరి స్వామియే యని తెలిసియుండును. మా తండ్రిగారు మమ్ము ఇంటిలో కూర్చుండబెట్టి భారతము, భాగవతము, వసుచరిత్రము చెప్పిరి గాని, ఈ పదముల పుస్తకమును మాత్రము అటకమీద నుంచిరి. కారణము పెండ్లియైన పిదప గాని మాకు తెలియలేదు!

తిరుపతినుండి పుత్తూరు వఱకు ఒక బస్సు; అచటినుండి మఱియొక బస్సు. పుత్తూరున దిగగానే చేతికో కాలికో కట్టు కట్టించుకొనినవారు కంటబడిరి. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు తెలుగునాటను, అఱవనాటను కూడ ప్రసిద్ధమే గదా. మా బస్సులో నొక తల్లి చేయి విరిగిన పిల్లవానిని ఒడిలో పెట్టుకొని, వాడు ఏ కొమ్మనుండి పడెనో, ఎట్లు పడెనో అడిగినవారికెల్ల చెప్పుచు వచ్చెను. ఎముక విరిగినదన్న మాట ఎవరితోనైన చెప్పుకొనవచ్చును. చెప్పుకొనుటకు సిగ్గుపడు వ్యాధుల సంగతి వేఱు. ఆ తలంపు మాకెందులకు కలిగినదో ముందు వ్రాసెదము.

దారిపొడుగునను మామిడితోటలు, వాని వెనుక కొండలు. అడవిని కొట్టి కట్టిన నగరమగుటచే ఊరికా పేరు వచ్చినదని ఇచటివారు చెప్పుదురు. ఒకప్పుడిది పెద్ద జమీందారీకి రాజధాని. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువఱకు ఈ సీమ ఉత్తరార్కాటు జిల్లాలోనిది. తిరుత్తణియు 1960 వఱకు చిత్తూరు జిల్లాలోనే యుండెను. అందుచే ఇచటి మాటలో అఱవపు యాస నేటికిని వినబడును. పెద్ద జబ్బు వచ్చినచో మదరాసో, వేలూరో అను మాట ముందుగా నోట వచ్చును. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీలు పోయినవి. రాజుల నాటి వేణుగోపాలస్వామి ఆలయమును, స్కందపుష్కరిణియు నిలిచినవి. గుడి నేడు తిరుమల తిరుపతి దేవస్థానముల యాజమాన్యమున నున్నది.

మావారు తరగతులకు పోవగా మేము ప్రతిసాయంకాలమును కోనేటి మెట్లమీద కూర్చుండెడివారము. ఎండకాలమగుటచే నీరు క్రిందికి దిగియుండెను. మూడవనాడు మావారును వెంట వచ్చిరి. తిరిగి వచ్చుచుండగా ఒక వీథిలో, ఇంటి అరుగుమీద పెట్టిన చిన్న అంగడి కనబడెను. మామిడితొక్కు సీసాలు, చెనిక్కాయల పొడి, వడియములు, అప్పడములు. గోడకు వ్రేలాడు అట్టముక్కపై బొగ్గుతో వ్రాసినట్లు పెద్ద అక్షరములు: “సీసాకు పది రూపాయలు క్యాన్సరు రోగులకు.”

ఇట్టి ప్రకటన చూచినప్పుడు మాకు ముందుగా కలుగునది భక్తి కాదు, అనుమానము. పట్నములలో సబ్బు పెట్టెమీదను, చీరల సంచిమీదను “మా అమ్మకములో కొంత భాగము ధర్మమునకు” అని అచ్చువేసియుండుట చూచుచునే యున్నాము. ఆ కొంత ఎంత? ఎవరికి? అమ్మకములోనా, లాభములోనా? లాభములో ననినచో, ఏడాది తుదిని లాభమే రాలేదని చెప్పిన నడుగువారెవరు? గృహిణులము గనుక ఉప్పు కొన్నను తూకము చూతుము. ధర్మము పేరు చెప్పగానే తూకము మఱచుట మంచిది కాదు. అందుచే ఆ అంగడి ఆమెను సూటిగనే అడిగితిమి.

నలువది యేండ్ల స్త్రీ; చేతులకు కారపు ఎఱుపు. కోపగించుకొనలేదు. “లాబం సంగతి నాకేం తెలుస్తాదమ్మా? నూనె రేటు ఒకతూరి ఒక మాదిరి ఉంటాది. సీసా పోయిందంటే పది పక్కన పెట్టేస్తా. మిగిల్తే నాకు, మిగలకపోతే నా కర్మ” అనెను.

సీసా వెల నూట యేబది. కాయ, నూనె, కారము, గాజుసీసా ఖర్చులు పోగా ముప్పది మిగిలిన గొప్పయట. మావారు లెక్కల అయ్యవారు గనుక వెంటనే, “ముప్పదిలో పది యనగా మూడవ పాలు. రాజుకైనను ఆఱవ పాలే గదా!” అనిరి. భారతమున అశ్వమేధపర్వములోని ముంగిస కథ మాకు జ్ఞప్తికి వచ్చెను. ధర్మరాజు యాగము ఆ పేద బ్రాహ్మణుని పేలపిండికి సాటి రాదని ముంగిస చెప్పినది. నిజము చెప్పవలెనన్న, ఆ కథ మాకెన్నడును పూర్తిగా నచ్చలేదు. అందు ఇంటిల్లిపాదియు తమ పిండియంతయు అతిథికి పెట్టి స్వర్గమునకేగిరి. ఈమె పది ఇచ్చి ఇరువది యుంచుకొని మఱుసటి దినము మరల తొక్కు నూరుచున్నది. ఇల్లు నడుపువారికి ఈ లెక్కయే సుళువుగా తెలియును.

ఎందుల కిట్లు చేయుచున్నావని యడిగితిమి. ఆమె అక్కకు గర్భసంచిలో రాచపుండు వచ్చినదట. పెద్దలు క్యాన్సరు నీ మాటతోనే చెప్పెడివారు. “తిరపతిలో ఆస్పత్రోళ్ళు ఒక్క రూపాయి అడగలేదమ్మా, కార్డుమీదనే చూసిరి. కానీ ఇరవై అయిదు దినాలు కరెంటు పెట్టించుకోవాల. నేను కూలి మానుకొని తోడుండాల. ఇద్దరికీ మూడు పూటలా తిండెవురు పెడతారు? ఇంటికాడ పాడావు ఉండె. దాన్నే అమ్మేస్తిమి.”

మీ అక్క యిప్పు డెట్లున్నది యని అడుగుటకు మాకు నోరు రాలేదు. ఇంతలో లోపలినుండి వరుసగా నాలుగు తుమ్ములు వినబడెను. “అదే మా యక్క! మిరప్పొడి జల్లిస్తా ఉండాది” అని ఆమె నవ్వెను.

సోదరీమణులు గమనింపవలసిన సంగతి యిందే కలదు. పేదలకు క్యాన్సరు చికిత్స ఉచితముగా జరుగు మార్గము నేడున్నది. 2007లో ఆరోగ్యశ్రీ యను పేర మొదలైన పథకమే యిప్పుడు ఆంధ్రప్రదేశమున ఎన్టీఆర్ వైద్యసేవగా నున్నది. తిరుపతిలో టాటా ట్రస్టులవారు దేవస్థానము ఇచ్చిన స్థలమున కట్టిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సరు వైద్యశాలకు 2018 ఆగస్టు 31న శంకుస్థాపన, 2022 మే 5న ప్రారంభోత్సవము జరిగెను. కార్వేటినగరమువారికి ఒకప్పటివలె ప్రతి చికిత్సకును మదరాసు పోవలసిన పని లేదు. 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టికెట్టు సొమ్మును లేదు. రైలులో చికిత్సకు పోవు క్యాన్సరు రోగికి స్లీపరు తరగతిలో ఛార్జీ లేదు. తోడువచ్చు నొక్కరికి నాలుగింట మూడుపాళ్ళు తగ్గింపు. ఇవి తెలియక పోగొట్టుకొనువారు పెక్కుమంది గనుక వ్రాయుచున్నాము.

అయినను కిరణముల చికిత్స యొకనాటితో పోదు. తఱచుగా వారమునకు అయిదు దినముల చొప్పున అయిదేసి వారములు సాగును. ఒక్కొక్క దినము పడక మీద నుండునది కొద్ది నిమిషములే. తక్కిన దినమంతయు ఎచటనో నొకచోట కూర్చుండవలెను, పండుకొనవలెను, తినవలెను. పల్లెనుండి బస్సు వచ్చుచోటికి ఆటో కావలెను. తోడువచ్చినవారి కూలి పోవును. ఈ పద్దులన్నిటిని కార్డు కట్టదు. ఆమె పది రూపాయలు పోవుచున్నది ఇచటికే.

పద్దుపుస్తకము చూపుమని అడిగితిమి. ఆమె దాపరికము లేక తెచ్చెను. పిల్లల నోటుపుస్తకము. 2025 వేసవికి 212 సీసాలు, 2120 రూపాయలు. ఎదుటి పుటలో ఖర్చు: ఆటో, రాగిపిండి, మరల ఆటో, ఒక దుప్పటి, రాగిపిండి. చికిత్సలో నోరు పూయుటచే కారము నాలుకకు సోకనీయరాదు గనుక, ఈమె తొక్కు ఈమె ఆదుకొనువారెవరును తినజాలరు! కారపు డబ్బు రాగిగంజియై వారికి చేరుచున్నది. మొత్తము సొమ్ము చిన్నదే. మావారు మనస్సులో భాగించి చూచి ఊరకుండిరి. మేమును ఊరకుంటిమి. అది ఇద్దరు ముగ్గురి ఆటో ఖర్చులకు సరిపోవును, అంతకు మించదు.

పుస్తకములో ఊరి పేళ్ళే గాని మనుష్యుల పేళ్ళు లేవు. ఏమని యడిగితిమి. “పేరు రాస్తే ఇంట్లో ఆడబిడ్డకి సంబందాలు రావంటమ్మా. రాయొద్దని కాళ్ళు పట్టుకుంటారు” అనెను.

ఆ మాట మాకు సూదివలె గ్రుచ్చుకొనెను. మా వదినగారికి నాలుగేండ్ల క్రిందట రొమ్ములో గడ్డ కనబడెను. నొప్పి లేదు. నొప్పి లేదు గనుకనే భయము లేదనుకొనిరి. ఎనిమిది మాసములు రవిక క్రింద పసుపు ముద్ద పెట్టుకొని, ఒకే యింట నున్న మాతో ఒక్క మాట చెప్పలేదు. మా ఆడపిల్ల పెండ్లి కెదుగుచున్నదనియే చెప్పలేదట. రొమ్ము గడ్డ మొదట నొప్పి పెట్టకపోవుటయే సాధారణమని తరువాత వైద్యురాలు చెప్పగా వింటిమి. శస్త్రచికిత్సయైనది, మందు లెక్కించిరి, జుట్టు రాలినది, మరల వచ్చినది. ముందే చెప్పియుండిన ఇంత కోత పడియుండదేమో. ఆమె దాచిరని మేము కొన్నాళ్ళు నిష్ఠురమాడితిమి. కాని ఒకే పొయ్యివద్ద వండుకొనుచు ఎనిమిది మాసములు ఆమె ముఖము చూడని తప్పు మాది కాదా? ఈ సంగతి వదినగారి యనుమతితోనే వ్రాయుచున్నాము. అచ్చులో పడినచో పడనిండు అనిరి.

దుఃఖమునుండి పుట్టిన పని యిది యొకటియే కాదు. మదరాసులో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు చెల్లెలిని క్యాన్సరుచే పోగొట్టుకొని, ఆ బాధను మనస్సున పెట్టుకొని యేండ్ల తరబడి పాటుపడిరి. 1952లో నెహ్రూగారిచే పునాదిరాయి వేయించి, 1954లో అడయారున పండ్రెండు పడకలతో వైద్యశాల తెఱిచిరి. మన సీమవారెందఱో అచట చికిత్స పొందిరి. అమెరికాదేశమున అలెగ్జాండ్రా స్కాట్ అను బాలికకు ఏడాది నిండకముందే క్యాన్సరని తెలిసెను. 2000 సంవత్సరమున, నాలుగేండ్ల ప్రాయమున, ఆ బిడ్డ ఇంటిముందు నిమ్మరసపు అంగడి పెట్టి, వచ్చిన సొమ్ము తనవంటి పిల్లల వైద్యమునకు ఇచ్చెదనన్నది. మొదటి అంగడికి సుమారు రెండువేల డాలర్లు వచ్చినవి. ఆమెను చూచి ఊరూర అట్టి అంగళ్ళు వెలసినవి. 2004లో ఎనిమిదవ యేట ఆ బిడ్డ కన్నుమూయునాటికి పది లక్షల డాలర్లు పోగైనవట. వేసవిలో చలిపందిరి పెట్టి మజ్జిగ పోయుట మనకు క్రొత్త కాదు. నిమ్మనీళ్ళను వెల కట్టి అమ్మి ఆ వెలను ధర్మము చేయుట అచటి మార్గము.

కార్వేటినగరపు ఆమెకు ఈ కథ చెప్పితిమి. ఆసక్తితోనే వినెను గాని ఆమె తలంపు వేఱుచోట నుండెను. 2025లో సీసాలు ఎక్కువ పోవుటకు కారణ మడిగితిమి. ఆ యేడు చిత్తూరు సీమలో తోతాపురి మామిడి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీలముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరి నిలిచినవి. రైతుకు కిలోకు 12 రూపాయలు ముట్టవలెనని నిర్ణయించి, అందు 4 రూపాయలు ప్రభుత్వము ఇచ్చుటకు ఒప్పుకొనవలసి వచ్చెను. “మా తమ్ముడు కోత కూలి గూడా గిట్టదని కాయను చెట్టుమీదనే ఇడిసిపెట్టినాడు. నేను ఆడ్నించే కోసుకొచ్చుకుంటి. వానికి నష్టం, నాకు సీసాలు. వాని కాయకు నేను ధర్మం చేస్తిని. ఆ పుణ్యమేదో వానికే రాయమని దేవునికి చెప్పుకుంటా” అనెను. దీనికి మా భారతములో సమాధానము దొరకలేదు.

రెండు సీసాలు కొంటిమి. మూడువందలకు మీద మఱియొక వందనోటు పెట్టి, ఇదియు రోగుల పద్దులో వేయుమంటిమి. ఆమె నోటు వెనుకకు త్రోసెను. “సీసాకే పదమ్మా. ఊరికే ఇచ్చిందాన్ని ఏ పక్క రాసేది? రేపు నాకే లెక్క తప్పితే?” అని, మా యెదుటనే పుస్తకము విప్పి వ్రాసెను: అయివోరమ్మ – 2 – 20.

తిరుగు ప్రయాణమున ఒక సీసా మూత వదులై, నూనె మావారి శిక్షణ కాగితములమీదికి దిగెను. వారు ఇప్పటికిని ఆ మాట యెత్తుచునే యున్నారు. రెండవ సీసా భద్రముగా ఇల్లు చేరెను. మా వదినగారు మూత తీసి, వేలితో కొంచెము నాలుకకు రాచుకొని, “ఇంగువ తక్కువైనది” అనిరి. చికిత్స జరుగు దినములలో ఆమె ఆఱు మాసములు పెరుగన్నముతోనే గడపిరి. మఱునాటి మధ్యాహ్నమునకు ఆ సీసా సగమైనది. మేము గాని, పిల్లలు గాని దానిని ముట్టియుండలేదు.