ముప్ఫై చీట్లు, ఇరవై పాయింట్లు

సియాటిల్,
నవంబర్ 2025

బాబాయ్,

ఇక్కడికి దగ్గర్లోనే రెడ్‌మండ్‌లో అక్కావాళ్ళింట్లో ఉన్నాను. ఈ చుట్టుపక్కల మనవాళ్ళకి కొదవలేదు. ఈ నెల మాత్రం వాళ్ళ నోట కూడా బేస్‌బాల్ పంచాయితీయే. అమెరికన్ లీగ్‌లో ఈ ఏటి మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ ఎవరో 13వ తేదీన చెప్పారు. న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జికి 355 పాయింట్లు, ఈ ఊరి కాల్ రాలీకి 335. ఫలితమైతే వచ్చింది, తగువు తెగలేదు.

నువ్వు కుర్రతనంలో వికెట్ల వెనక నిలబడ్డవాడివి, రాలీ సంగతి నీకు చెబితేనే రుచి. అతను క్యాచర్. మన కీపర్ లాంటివాడే గానీ, అవతలివాళ్ళు బ్యాటింగ్ చేస్తున్నంతసేపూ గొంతుక్కూర్చునే ఉండాలి. ఒక్కో ఆటలో నూటనలభై, నూటయాభై బంతులు; కొన్ని గంటకి 150 కిలోమీటర్లు దాటి వస్తాయి. ఏ బంతి వెయ్యాలో పిచ్చర్‌కి చెప్పేదీ అతనే. మోకాళ్ళు అరగదీసే ఈ పని చేసేవాడి నుంచి బ్యాటింగ్‌లో ఎవరూ పెద్దగా ఆశించరు. అలాంటివాడు మన సిక్సర్ల లాంటి హోమ్‌రన్లు 60 కొట్టాడు! క్యాచర్లలో అంతకుముందు రికార్డు 48. సెప్టెంబర్ 24 రాత్రి యాభైతొమ్మిదోదీ అరవయ్యోదీ కొట్టాడు. ఆ రాత్రే అతని జట్టు మారినర్స్ 2001 తర్వాత మొదటిసారి తమ డివిజన్ గెలిచింది. మా మేనల్లుడు అతని 29వ నంబరు చొక్కా ఉతకనివ్వడం లేదు.

మరి జడ్జి తక్కువవాడా అంటే కాదు. 53 హోమ్‌రన్లు, పైగా సగటు .331, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. రాలీది .247. వీళ్ళ దగ్గర వార్ అని ఒక లెక్క ఉంది: ఈ ఆటగాడి స్థానంలో ఎక్కడైనా దొరికే మామూలువాణ్ణి పెడితే జట్టు ఎన్ని గెలుపులు పోగొట్టుకుంటుందో అంచనా కడతారు. దాన్ని కట్టే పద్ధతులు రెండు. ఒకదాని ప్రకారం జడ్జి ఒక్క గెలుపు ముందున్నాడు, ఇంకోదాని ప్రకారం రెండుకి పైగా. అంచున పడ్డ బంతిని ఒడుపుగా పట్టి అంపైర్ చేత స్ట్రైక్, అంటే సరైన బంతి, అనిపించే క్యాచర్ నేర్పుని ఒకరు లెక్కలో వేసుకుంటారు, ఇంకొకరు వేసుకోరు. తేడాలో చాలా భాగం అక్కడే.

అన్నిటికన్నా వింత ఏమిటంటే, తీర్పు చెప్పేది అంపైర్లూ కాదు, పాత ఆటగాళ్ళూ కాదు, పత్రికలవాళ్ళు. 1931 నుంచీ ఇంతే. లీగ్‌లోని 15 ఊళ్ళకీ ఇద్దరిద్దరు చొప్పున ముప్ఫైమంది, తలా పది పేర్లు వరసగా రాస్తారు. మొదటి పేరుకి 14 పాయింట్లు, రెండోదానికి 9, మూడోదానికి 8, అలా కిందికి. దేన్ని బట్టి ఎంచాలో నియమాల్లో తేల్చి చెప్పలేదు, ఓటరు విచక్షణకే వదిలేశారు. జట్టు గెలిచి తీరాలనీ లేదు. 1987లో ఆఖరి స్థానంలో ఉన్న షికాగో కబ్స్ ఆటగాడు ఆండ్రే డాసన్‌కి వాళ్ళ లీగ్ అవార్డు ఇచ్చారు. 1947లో టెడ్ విలియమ్స్ సగటులో, హోమ్‌రన్లలో, పరుగులు రాబట్టడంలో మూడింటా మొదటివాడై కూడా ఒకే ఒక్క పాయింటుతో జో డిమాజియో చేతిలో ఓడిపోయాడు.

ఈసారి ముప్ఫైమందీ మొదటి రెండు స్థానాలూ వీళ్ళిద్దరికే ఇచ్చారు. పదిహేడుమంది జడ్జిని ముందు పెట్టారు, పదమూడుమంది రాలీని. జడ్జి వైపున్న ఇద్దరు మనసు మార్చుకుని ఉంటే చెరి 345! పైగా చీట్లన్నీ ప్లేఆఫ్స్‌కి, అంటే నాకౌట్ ఆటలకి, ముందే ఇచ్చెయ్యాలి. అక్టోబర్‌లో ఆ ప్లేఆఫ్స్‌లోనే టొరంటోలో సిరీస్ ఏడో ఆట దాకా వెళ్ళి మారినర్స్ ఒక్క పరుగుతో ఓడిపోయారు. ఆ రాత్రి రాలీ హోమ్‌రన్ కొట్టినా దాన్ని లెక్కలోకి తీసుకోరు.

నా చేతికి చీటీ ఇస్తే మొదటి గీత మీద రాలీ పేరే రాసేవాణ్ణి. బంతిని బాదేవాళ్ళు ఇంకా దొరుకుతారు. అంతసేపు గొంతుక్కూర్చుని లేచి అరవైసార్లు బాదేవాడు ఇన్నేళ్ళలో ఇతనొక్కడే. బావ మాత్రం జడ్జి పక్షం, లెక్కల మనిషి కదా. ఇంట్లో ప్రస్తుతం రాలీకి నాదీ మేనల్లుడిదీ కలిపి రెండు, జడ్జికి ఒకటి. అక్క ఓటు వెయ్యనంది. నీ ఓటు రాసి పంపు, పిన్నిది కూడా.

ఇట్లు,
నీ అన్నకొడుకు