నల్ల కిటికీ

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు నీళ్ళు సింగ్ నగర్‌లో మా ఇంట్లోకి వచ్చినప్పుడు బియ్యం డబ్బా, సర్టిఫికెట్లు, బంగారం డాబా పైకి చేర్చాం. బీరువా కింది అరలో ఉన్న పాత కెమెరా ఎవరికీ గుర్తు రాలేదు.

మా నాన్న పోయే ముందు సంక్రాంతికి దివిసీమలో తీసిన ఫొటోలు అందులోనే ఉన్నాయి. కెమెరా పాడైపోయింది. మెమరీ కార్డు ఆరబెట్టి కంప్యూటర్లో పెడితే, ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. "చెయ్యకమ్మా!" అని హైదరాబాదు నుంచి ఫోన్లో అరిచాడు మా అబ్బాయి. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పంపి, ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాలో చెప్పి, మీటింగ్ ఉందని పెట్టేశాడు.

తెరిస్తే ఒక నల్ల కిటికీ. మౌస్ పనిచేయదు. ఇంగ్లీషు ముక్కలు, పరుగెత్తే అంకెలు. సినిమాల్లో బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడే దొంగల ముందు కనబడేది ఇదేగా! అరగంట ఓర్చుకుని, భయమేసి ఇంటూ గుర్తు నొక్కేశాను. కిటికీతో పాటు పనీ ఆగిపోయింది.

నాన్నని నా చేత్తోనే పోగొట్టుకున్నానని ఏడుస్తూ ఫోన్ చేశా.

"ఏం కాలేదమ్మా. అది కార్డు మీద ఏమీ రాయదు, చదువుతుందంతే. మళ్ళీ తెరువు. ఆగిన చోటు నుంచి మొదలుపెట్టాలా అని అడుగుతుంది, వై నొక్కు."

అడిగింది. నొక్కాను. ఈసారి కుర్చీ వేసుకుని చదివాను. ఎన్ని ఫొటోలు దొరికాయి, ఇంకా ఎంతసేపు పడుతుంది, అన్నీ అందులోనే ఉన్నాయి పాపం.

"ఇలాంటివి మనలాంటి వాళ్ళకి చూపించకూడదు. హోటల్లో వంటిల్లు చూపిస్తారా?" అన్నారు మావారు. నాకలా అనిపించలేదు. ఏమీ కనబడకపోతే ఆగిపోయిందనుకుని అప్పుడూ మూసేసేదాన్నే. కుక్కరు కూతకి మనం భయపడమంటే, అదేమిటో అమ్మ చెప్పింది కాబట్టి. చూపించడం తప్పు కాదు, చెప్పకుండా చూపించడం తప్పు. "పని జరుగుతోంది, మూయకండి" అని ఒక్క ముక్క, అదీ తెలుగులో ఉంటే చాలదూ?

తర్వాత తెలిసింది, అదే సాఫ్ట్‌వేర్‌కి బటన్లున్న మామూలు కిటికీ కూడా ఉందట.

"మరి అది పంపలేదేంరా?"

"నాకిదే అలవాటమ్మా."

తిట్టబోయి ఆగాను. కొత్త కోడలికి పులిహోర చెబుతూ "ఉప్పు తగినంత, పోపు వేగాక దించు" అనే మనం చేసేదీ అదే కదా! తగినంత అంటే ఎంతో, వేగడమంటే ఏ రంగో మన చేతికి తెలుసు. ఆ పిల్లకి తెలియదని తోచదు.

ఫొటోలు చాలావరకు వచ్చాయి. పాత పేర్లు మాత్రం పోయి, ఎఫ్ అక్షరం పక్కన అంకెలు మిగిలాయి. ఒకదాంట్లో మినపచేను గట్టు మీద పంచె ఎగ్గట్టి, ఎండకి కళ్ళు చికిలించి నవ్వుతున్నారు. ఆ అంకెలన్నీ చెరిపేసి, "నాన్న" అని నేనే టైపు చేశాను.