ఒక్క ఓటు తేడా

1954 నవంబరు 6న కర్నూలులో ఆంధ్ర రాష్ట్ర శాసనసభలో అవిశ్వాస తీర్మానం నెగ్గింది. టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. రాష్ట్రం పుట్టి అప్పటికి పదమూడు నెలలు. మరో తొమ్మిది రోజులకి రాష్ట్రపతి పాలన వచ్చింది. మన చరిత్ర పుస్తకాల్లో దీనికి ఒక పేరా దక్కుతుంది. ఎవరు ఏ పార్టీలోంచి ఏ పార్టీలోకి దూకారో, ఎవరికి ఎవరంటే పడదో అందులో ఉంటుంది. ఎనభై దాటిన ఆ నాయకుడి మొండితనం మీద ఒక మెచ్చుకోలో, ఒక విసుగో ఉంటుంది. ప్రభుత్వం దేని మీద పడిపోయిందన్నది మాత్రం చివర్లో నాలుగు మాటల్లో తేలిపోతుంది. మద్యనిషేధం మీద.

నాకు ఆ నాలుగు మాటల దగ్గరే ఆగాలనిపిస్తుంది. శిస్తులు, రాజధాని, నదీజలాలు మగవాళ్ళ విషయాలని మనల్ని నమ్మించారు, సరే. సారా అలాంటిది కాదు. అది రాత్రిపూట తలుపు తోసుకుని ఇంట్లోకి వచ్చే విషయం. దాని మీద ఒక ప్రభుత్వం ఉండాలా పోవాలా అని సభలో ఓట్లు లెక్కపెట్టుకున్న రోజున, ఆ తలుపు తీసేవాళ్ళని అడిగిందెవరు?

అది కలగూర ప్రభుత్వం. 140 మంది ఉన్న సభలో కాంగ్రెసుకి సొంత బలం లేదు. కమ్యూనిస్టులు ఇంచుమించు దానికి సమానంగా ఉన్నారు. మా కడప పార్లమెంటు స్థానాన్నే 1952లో కమ్యూనిస్టు ఎద్దుల ఈశ్వరరెడ్డి గెలుచుకున్నారు. కాంగ్రెసు వదిలి బయటికొచ్చి, సోషలిస్టులతో కలిసి, మళ్ళీ వాళ్ళనీ వదిలిన ప్రకాశం, కాంగ్రెసు మద్దతుతోనే ముఖ్యమంత్రి అయ్యారు. నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. తెన్నేటి విశ్వనాథం, దామోదరం సంజీవయ్య, మా జిల్లా నుంచి కడప కోటిరెడ్డి మంత్రులు. రంగాగారి కృషికార్ లోక్ పార్టీ అండ ఉన్నన్నాళ్ళు బండి నడిచింది. ఈ మంత్రుల జాబితాలో ఒక్క ఆడపేరు లేదు.

ఆ రోజుల్లో ఎక్కడైనా అంతే కదా అనేవాళ్ళుంటారు. అంతే కాదు. ఇదే ప్రకాశం 1946లో మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు రుక్మిణీ లక్ష్మీపతి ఆయన మంత్రివర్గంలో ఆరోగ్యమంత్రి. కోటిరెడ్డి కూడా అందులో ఉన్నారు. అంటే ఒక స్త్రీ పక్కన కూర్చుని రాష్ట్రం నడపడం ఈ ఇద్దరికీ తెలియని పని కాదు. అంతెందుకు, కోటిరెడ్డిగారి భార్య రామసుబ్బమ్మ 1930ల చివర్లో కడప జిల్లా బోర్డుకి అధ్యక్షురాలు. రోడ్లు, బళ్ళు, ఆసుపత్రులు చూసిన మనిషి. మన రాష్ట్రం మనకి వచ్చేసరికి ఈ ఆడవాళ్ళంతా ఏమైనట్టు? 1937లో రాయలసీమ, కోస్తా పెద్దలు కూర్చుని రాసుకున్న శ్రీబాగ్ ఒప్పందం మీద కోటిరెడ్డిగారి సంతకం ఉంది. స్త్రీ సంతకం ఒక్కటీ లేదు. పొలానికి నీళ్ళు ఎటు పారాలో, రాజధాని ఎక్కడ ఉండాలో రాసిన ఆ కాగితం నుంచే ఈ లేకపోవడం మొదలైందని నా అనుమానం. విశాలాంధ్ర ఏర్పడ్డాక కూడా, 1960లో సంజీవయ్య మంత్రివర్గంలోకి మాసూమా బేగం వచ్చేదాకా మన మంత్రుల్లో ఆడమనిషి లేదు.

వేరే దేశంలో కలగూర ప్రభుత్వాలు ఎలా ఉన్నాయో చూద్దామని వెతికితే నెదర్లాండ్స్ దొరికింది. యుద్ధం తర్వాత 1946 నుంచి 1958 దాకా అక్కడ కాథలిక్కులు, లేబరు పార్టీవాళ్ళు కలిసి ప్రభుత్వాలు నడిపారు. 1948 నుంచి పదేళ్ళు విలెం డ్రేస్ ప్రధాని. ఆయన తెచ్చిన వృద్ధాప్య పింఛను ఎంతగా ఇళ్ళలోకి వెళ్ళిందంటే, అక్కడి ముసలివాళ్ళు పింఛను తీసుకోవడాన్ని 'డ్రేస్ దగ్గర తీసుకోవడం' అని చెప్పుకునేవాళ్ళు. మంత్రి పేరు ఇంటిఖర్చులో కలిసిపోయిందన్నమాట. కాని 1957లో చట్టంగా స్థిరపడిన ఆ పింఛను పెళ్ళయిన ఆడవాళ్ళ చేతికి నేరుగా రాలేదు. 1985 దాకా మొగుడూపెళ్ళాలిద్దరిదీ కలిపి మొగుడికే ఇచ్చారు. ఆ దేశపు మొదటి మహిళామంత్రి మార్గా క్లోంపె ప్రమాణం చేసింది 1956లో. మద్రాసుకంటే పదేళ్ళు వెనక. ఐరోపా ముందుందనీ మనం వెనకున్నామనీ తేలిగ్గా అనేసుకోవడానికి ఈ లెక్క ఒప్పుకోదు. కాని పేదింటికి నెలనెలా ఏదో ఒకటి చేర్చిన ప్రభుత్వం వాళ్ళది. మా ఇళ్ళకి కర్నూలునుంచి చేరింది ఏమిటి?

పోలీసులు చేరారు. అది మా జేజి మాట.

కడప జిల్లాకి మద్యనిషేధం కొత్త కాదు. రాజాజీ 1937లో సేలంలో మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకి దాన్ని తెచ్చారు. మధ్యలో యుద్ధం అడ్డొచ్చింది. 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతా నిషేధమే. కాబట్టి 1953లో ఆంధ్ర రాష్ట్రం దాన్ని వారసత్వంగా అందుకుంది. మా జేజి పుట్టింది పులివెందుల పక్కన ఒక మెట్టపల్లెలో. ఇప్పుడంటే అక్కడ చీనీతోటలు గాని, అప్పుడు వానపడితే కొర్ర, జొన్న, బుడ్డలు, పడకపోతే వలస. మెట్టింది జమ్మలమడుగు వైపు, పెన్న ఒడ్డున ఒక ఊరు. చివరి పదిహేనేళ్ళు ప్రొద్దుటూరులో మాతో ఉండింది. ఆమె లెక్కలో నిషేధం అంటే తాగుడు ఆగిపోవడం కాదు, తాగుడు చీకట్లోకి పోవడం. ఈతకల్లు పోయి దాని చోట్లో నాటుసారా వచ్చింది. బెల్లం, తుమ్మచెక్క వేసి గుట్టల్లో ఊట పెట్టేవాళ్ళు. కల్లుకి ఖర్చయ్యేది అణాలైతే దీనికి రూపాయలు. పైగా దొంగసరుకు కాబట్టి తాగేవాడు అక్కడ కూర్చుని తాగడు, ఇంటికి తెచ్చుకుంటాడు. గాదె వెనక దాస్తాడు. దాచింది పోలీసులకి దొరక్కుండా చూసే బాధ్యత పెండ్లానిది.

"మీ అబ్బ తాగేది ఆయప్ప పని. సీసా దాచేది నా పని. దొరికితే తన్నేది ఇద్దర్నీ" అనేది. అబ్బ చేతిలో ఆమె తిన్న దెబ్బల గురించి వివరంగా ఎప్పుడూ చెప్పలేదు. ఎడమ మోచెయ్యి సరిగ్గా చాపలేకపోయేది. బాయికాడ పడినా అనేది. ఆ బావి ఎక్కడుండేదని చిన్నప్పుడు నేను అడిగితే ఒకసారి ఇంటి తూర్పున అనేది, ఒకసారి పడమర అనేది.

ఆ ఊర్లోనే ఒక ఈడిగ ఇల్లు. ఆ ఇంటామెని జేజి అక్కా అనేది, ఆమె జేజిని అమ్మా అనేది. వయసులో జేజే చిన్నది. కులం పిలిపించే పిలుపులు వయసుని పట్టించుకోవు. ఈతచెట్లు గీసుకు బతికే ఇల్లది. నిషేధంతో గీత పోయింది, ప్రతిఫలంగా భూమి రాలేదు. ఆమె మొగుడు దొంగచాటుగా గీసి రెండుసార్లు జైలుకి పోయాడు. ఆమె కూలికి పోయి ముగ్గురు బిడ్డల్ని సాకింది. జేజి ఈ కథ చెప్పేటప్పుడు ప్రతిసారీ ఒకే మాటతో ఆపేది: "గీసేవాడు జైలుకు పోయ్యా, తాగేవాడు ఇంటికి వచ్చా. ఎవనిది తప్పు పాపా?"

ఈ ప్రశ్న 1954లో శాసనసభలో పడలేదని అనను. సగం పడింది. గీతకార్మికుల కోసం గౌతు లచ్చన్న ఆ ఏడాదంతా పోరాడారు, వాళ్ళ బతుకుతెరువు గురించి గట్టిగా మాట్లాడారు. అది న్యాయమైన మాట. రిటైరైన ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వి. రామమూర్తి కమిటీ నిషేధం విఫలమైంది, ఎత్తెయ్యమని చెప్పింది. ఖజానాకి రాబడి పోతోందన్నది ఒక వాదన, చట్టం పేరుతో దొంగవ్యాపారం పెరుగుతోందన్నది మరో వాదన. ప్రకాశం ఒప్పుకోలేదు. గాంధీగారి కార్యక్రమాన్ని వదిలేది లేదన్నది కాంగ్రెసు పట్టు. లచ్చన్నతో పాటు కృషికార్ వాళ్ళు ఎదురుతిరిగారు. కమ్యూనిస్టులు, సోషలిస్టులు వాళ్ళతో కలిశారు. ఇలా ఒక పక్క నీతి, మరో పక్క రాబడి, బతుకుతెరువు. మూడూ పెద్ద విషయాలే. మూడింటిలోనూ తాగి వచ్చిన మొగుడూ లేడు, జైలుకి పోయిన మొగుడి పెండ్లామూ లేదు. గీతకార్మికుడంటే మగవాడే, తాగుబోతు అంటే నీతి లేని మగవాడే. వాడి ఇల్లు ఎవరి ప్రసంగంలోనూ గది గదిగా తెరుచుకోలేదు.

నీతి పక్షాన ఉన్నవాళ్ళని స్త్రీల పక్షం అనుకోవడం మనకి అలవాటు. నాకు ఆ అలవాటు మీద నమ్మకం లేదు. మా జేజి నిషేధం ఉండాలనే అనేది, కాని పోలీసు నిషేధం వద్దనేది. మొగుడు తాగకూడదు, ఈడిగక్క మొగుడు జైలుకి పోకూడదు. ఈ రెండూ ఒకేసారి కోరడం సభలో కుదరదు, అక్కడ అవునో కాదో చెప్పాలి. ఊర్లో మాత్రం ఇద్దరాడవాళ్ళు ఒక వసారాలో కూర్చుని రెండూ ఒకేసారి కోరగలిగారు.

ఆ నిషేధం 1960ల చివరిదాకా కాగితం మీద ఈడ్చుకొచ్చి పోయింది. తర్వాత సర్కారే సారా వేలంపాటలు పెట్టింది, ఎన్టీఆర్ కాలంలో వారుణివాహిని పేరుతో పాకెట్లు పోసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాకొట్టు మూయించి, వేలంపాటల్ని అడ్డుకుని, పక్కనున్న మా రాయలసీమ జిల్లాలకీ ఆ నిప్పు అంటించినప్పుడు జేజికి అరవై దాటాయి. ప్రొద్దుటూరులో మా ఇంట్లో పొద్దున్నే పేపరు చదివి వినిపించడం నా వంతు. వర్ధినేని రోశమ్మ పేరు ఆమెకి నోరు తిరిగేది కాదు, 'ఆ నెల్లూరామె' అనేది. ఒకరోజు విని విని అంది: "వీండ్లు తాగేవాని మింద పడల్యా. గీసేవాని మింద పడల్యా. పాట పాడే సర్కారు మింద పడినారు. మాకు ఈ బుద్ధి యాడ పుట్టింది అప్పట్లో?" బుద్ధి లేక కాదు, ఈడిగక్కా తనూ కలిసి కర్నూలుకి పోయే దారి అప్పట్లో లేదని నేను అన్నాను. జేజి ఒప్పుకోలేదు. బస్సు ఉండేదంది.

సారానిషేధం రాష్ట్రమంతా 1993 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం పుట్టి సరిగ్గా నలభై ఏళ్ళు. 1995లో సంపూర్ణ నిషేధం, 1997లో దాని ఎత్తివేత. ఆ రెండేళ్ళలో మళ్ళీ దొంగసారా, మళ్ళీ పోలీసులు, మళ్ళీ ఖజానా గోల. 1954 నాటి వాదనలన్నీ దుమ్ముదులుపుకుని వచ్చాయి. ఈసారి ఎత్తివేసినవాళ్ళు ఆడవాళ్ళ ఉద్యమాన్ని పొగిడి మరీ ఎత్తివేశారు, అదొక్కటే కొత్త.

మా వైపు నుంచి మంత్రులకి కొదవ లేదు. పులివెందుల నుంచి పెంచికల బసిరెడ్డి పేరు చిత్రావతి జలాశయానికే ఉంది. ఇద్దరు ముఖ్యమంత్రులు అక్కడివాళ్ళే. అదే పులివెందుల నుంచి ఒక స్త్రీ శాసనసభకి వెళ్ళడానికి 2009 చివరి దాకా ఆగాలి. అదీ భర్త పోయిన ఖాళీలో. వై.ఎస్. విజయమ్మని తక్కువ చేసి అనడం లేదు. తలుపు ఎప్పుడు తెరుచుకుందో చెబుతున్నాను.

ప్రభుత్వం పడ్డాక 1955 ఫిబ్రవరిలో ఎన్నికలొచ్చాయి. కాంగ్రెసు, కృషికార్, ప్రజాపార్టీలు ఈసారి ముందే కలిసి పోటీచేశాయి. మూడు నెలల ముందు ఒకర్నొకరు పడగొట్టుకున్నవాళ్ళు ఒకే వేదిక ఎక్కారు. కమ్యూనిస్టులు 15 స్థానాలకి పడిపోయారు. బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఎన్నికల్లో జేజి, ఈడిగక్క కలిసి నడిచి వెళ్ళి ఓటేశారట. ఎవరికి వెయ్యాలో ఇళ్ళలో చెప్పే పంపారు. ఏ పెట్టెలో వేశావని నేను చాలాసార్లు అడిగాను, కాడెద్దులా, కంకీకొడవలా అని. జేజి ఆకూవక్కా నమిలి, గోడ పక్కన ఉమ్మేసి, నవ్వేది.

"మీ అబ్బకే చెప్పల్యా. నీకు చెప్తానా?"