చిన్న టిప్పరు

పదవీ విరమణానంతరము నేను అనకాపల్లి చెంతనున్న మా చెఱకు పొలమునకు చేరితిని. వేసవిలో పశువుల గత్తమును చేలకు తోలుట అచ్చట పెద్ద పని. ఎడ్లబండి నుండి దానిని పారతో లాగి దింపుట నడుము విఱుచు శ్రమ. ఇప్పుడు మా తమ్ముని కుమారుడు చిన్న టిప్పరును కొనితెచ్చినాడు. విశాఖ రేవునుండి బొగ్గును మోయు పెద్ద టిప్పర్లకు ఇది పసికూన.

దాని బలమంతయు నూనెలో నున్నది. పంపు నూనెను గొట్టములోనికి త్రోయును. నూనె నొక్కినను అణగునది కాదు. కావున కడ్డీ పైకి సాగి తొట్టిని ఎత్తును. 17వ శతాబ్దమున పాస్కల్ కనుగొన్న సూత్రమే మా చేలో గత్తము మోయుచున్నది!

తొట్టి లేచిన కొలది బరువు మీదికి పోవును. ఒక చక్రము మెత్తని నేలలో దిగెనా, బండి ఒరిగిపోవును. ఒకనాడు తడిసిన గత్తము తొట్టికి అంటుకొని జారలేదు. మా పాలికాపు, "తొట్టిని అట్లే ఎత్తి ఉంచండి బాబూ, వెనుకనుండి పొడిచి రాల్చెదను" అనెను. "వద్దు మావా, ముందు దింపనీ" అని మావాడు తొట్టిని దింపి, తానే ఎక్కి పారతో గోకినాడు. ఆ పూట రెండు బళ్ల గత్తము తక్కువ పోయినది, పోనిండు.

వాన వెలిసిన మరునాడు మాత్రము టిప్పరును చేలోనికి పోనీయను. దాని బరువునకు తడిమన్ను బిగిసి చెఱకు వేరు దిగదు. ఆ దినములకై ఎడ్లజతను ఉంచుకొంటిమి.