చక్కభజన పాటలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

కైరుప్పల అనగానే అందరూ ఉగాది మర్నాటి పిడకల సమరం గురించే అడుగుతారు. నేనిప్పుడు మా అవ్వ కోసం ఆ ఊరి పాటలు వెతుకుతూ తిరుగుతున్నా.

మా అవ్వకు డిమెన్షియా. అమ్మను చూసి "ఏ ఊరు తల్లీ మీది?" అంటుంది. స్నానానికి రమ్మంటే కొట్టడానికొస్తుంది. అమ్మ చక్కభజన పాట ఎత్తుకుని చెయ్యి పట్టుకుంటే మాత్రం లేచి వస్తుంది, రెండో చరణం తనే అందుకుంటుంది. తాళం తప్పదు!

స్వీడన్‌లో ఇలా పాడుతూ ముఖం కడిగి, బట్టలు తొడిగితే పెద్దవాళ్లు బాగా సహకరించారని 2002లోనే పరిశోధకులు రాశారు. పాత పాటలను గుర్తుపెట్టుకునే మెదడు భాగాలు అల్జైమర్స్‌లో మిగతా వాటికన్నా తక్కువ దెబ్బతింటాయని 2015లో 'బ్రెయిన్' పత్రికలో ఇంకో పరిశోధన వచ్చింది. అట్లని పాటతో మతిమరుపు పోదు. దిగులు కొంత తగ్గుతుంది, మనిషి మనతో కాసేపు ఉంటుంది. నాకది తక్కువేం కాదు.

మా తమ్ముడు యూట్యూబ్‌లో 'మనశ్శాంతి సంగీతం' అని గంటల కొద్దీ వేణువు పెట్టినాడు. అవ్వ హెడ్‌ఫోన్ పీకి పారేసింది. వయసులో ఉన్నప్పుడు విన్నవే కావాల. ఎవరి పాటలు వాళ్లవి.

ఆదోని, ఆస్పరి, ఎమ్మిగనూరు వైపు పాత భజన క్యాసెట్లు, కోలాటం రికార్డింగులు ఎవరింట్లోనైనా ఉంటే ఫోన్‌లో రికార్డు చేసి పంపండి. కన్నడ పాటలైనా సరే, అవ్వ పుట్టిల్లు సిరుగుప్ప వైపు.